ముందు బకెట్, ఆ తర్వాతే సుత్తి

(హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సంఘాల సభ్యులు, పూల్ ఆపరేటర్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక స్విమ్మింగ్ పూల్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, కమిటీ సభ్యులకు, పొద్దున్న డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా ఇక్కడికి వచ్చిన పూల్ ఆపరేటర్ తమ్ముళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

నిన్న సాయంత్రం 6 గంటలకు మీ పూల్ రెండో మెట్టు మీద ఒక బకెట్ పెట్టి వెళ్లాను. పిల్లలెవరూ కదపకుండా చూడమని వాచ్‌మన్ గారికి చెప్పాను. ఆ బకెట్ ఎందుకో, అందులో ఏం చూడాలో చెప్పడానికే ఇవాళ వచ్చాను. 6 కాగానే అందరం అక్కడికే వెళ్దాం.

నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్లయింది. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట, "టైల్స్ మొత్తం తీసి మళ్లీ వేస్తే ఎంతవుతుందండీ?" అని. అప్పటికి లీకేజీ ఉందో లేదో కూడా తేలి ఉండదు. థర్మామీటర్ పెట్టి చూడకుండానే ఆపరేషన్‌కి రేటు అడిగినట్టు అన్నమాట. ఎవరో ఒకరు వచ్చి, గట్టు మీద నిలబడి చూసి, "మొత్తం పోయింది సార్, వాటర్‌ప్రూఫింగ్ కొత్తగా చేయాల్సిందే" అంటారు. ఆ మాట నమ్మి లక్షలు ఖర్చు పెట్టి, పని అయ్యాక నీళ్లు మళ్లీ అంతే తగ్గుతుంటే తల పట్టుకున్న కమిటీలను నేను చాలా చూశాను. అది మీ జేబులోని డబ్బు. అందుకే చెబుతున్నాను, పగలగొట్టే ముందు కొలవండి.

పూల్‌లో నీళ్లు తగ్గినంత మాత్రాన లీకైనట్టు కాదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వడగాలి వీస్తే రోజుకు 7, 8 మిల్లీమీటర్లు ఆవిరైపోవడం మామూలే. చలికాలంలో అందులో సగం. పిల్లలు దూకితే గట్టు మీదకి చిమ్మే నీళ్లు వేరు, ఫిల్టర్ బ్యాక్‌వాష్‌కి, అంటే నీళ్లు వెనక్కి పంపి ఫిల్టర్‌ని కడగడానికి, పోయేవి వేరు. ఇవన్నీ పోగా మిగిలిందే లీకేజీ.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూద్దాం. మీ పూల్ పొడవు 12 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు అనుకుందాం. అంటే 72 చదరపు మీటర్లు. అందులో ఒక్క మిల్లీమీటరు తగ్గితే 72 లీటర్లు పోయినట్టు. ఎండకి 8 మిల్లీమీటర్లు పోతే 576 లీటర్లు, దాన్ని మనం ఆపలేం. కానీ మీ పూల్ రోజుకు 20 మిల్లీమీటర్లు తగ్గుతోందంటే మిగతా 12 మిల్లీమీటర్లు ఎటో పోతున్నట్టే. 864 లీటర్లు. నెలకి దాదాపు 26 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు! ఈ నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జున సాగర్ జలాశయం నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తున్నాయి. రెండూ వంద కిలోమీటర్లకు పైగా దూరమే. అంత దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసి తెచ్చుకున్న నీళ్లు మన టైల్స్ కింద మట్టిలోకి పోతుంటే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్లకి కటకటలాడినప్పుడు అక్కడి నీటి బోర్డు స్విమ్మింగ్ పూల్స్‌లో తాగునీళ్లు వాడకూడదని, వాడితే 5 వేల రూపాయల జరిమానా అని చెప్పింది. మన దాకా అలాంటి రోజు రాకముందే జాగ్రత్తపడదాం.

ఇప్పుడు బకెట్ సంగతికి వస్తాను. ప్లాస్టిక్ బకెట్ ఒకటి తీసుకోండి. పూల్ నీళ్లే అందులో పోయండి, కుళాయి నీళ్లు వద్దు. అడుగున ఒక రాయి వేస్తే కదలదు. మెట్టు మీద పెట్టినప్పుడు బకెట్ అంచు నీళ్లకి పైన ఉండాలి, లోపలి నీళ్ల మట్టం బయటి మట్టంతో సమానంగా ఉండాలి. లోపల ఒక గీత, బయట ఒక గీత పెట్టండి. నీళ్లు తగ్గితే వాటంతట అవే నిండే ఆటోఫిల్ వాల్వ్ ఉంటే కట్టేయండి. నిజానికి చాలా చోట్ల లీకేజీని ఏళ్ల తరబడి దాచిపెట్టేది ఆ వాల్వే. నీళ్లు ఎప్పుడూ నిండుగానే కనబడతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, బోరు మోటారు కరెంటు బిల్లు మాత్రం పెరుగుతూ పోతుంది. 24 గంటలు ఎవరూ ఈదకూడదు. వాన పడితే ఆ లెక్క వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలి.

24 గంటలయ్యాక రెండు గీతలూ చూడండి. ఎండ, గాలి బకెట్‌కీ పూల్‌కీ ఒకటే కదా. లోపల 6 మిల్లీమీటర్లు తగ్గి బయట కూడా 6 తగ్గితే లీకేజీ లేదు, హాయిగా ఇంటికి వెళ్లండి. లోపల 6, బయట 15 అయితే తేడా 9. అదీ మీ లీకేజీ. పరీక్ష రెండుసార్లు చేయాలి. ఒక రోజు మోటారు నడుపుతూ, ఇంకో రోజు ఆపేసి. మోటారు నడిచినప్పుడు ఎక్కువ తగ్గితే, ఫిల్టర్ నుంచి పూల్‌లోకి తిరిగి వచ్చే పైపును అనుమానించాలి, ఒత్తిడి ఉండేది దాంట్లోనే కాబట్టి. ఆపినప్పుడు ఎక్కువ తగ్గుతూ, నడిచినప్పుడు నీళ్లతో పాటు గాలి బుడగలు వస్తుంటే, మోటారు నీళ్లు లాగే వైపు పైపులో చిల్లు ఉన్నట్టు. రెండు రోజులూ ఒకేలా తగ్గితే పైపుల కంటే ముందు గోడలు, నేల, లైట్లు చూడాలి. ఇంత సమాచారం ఇచ్చేది మన ఇంట్లో ఉండే బకెట్టే.

మీది స్కిమ్మర్ పూల్, అంటే గోడలో ఉన్న నోటిలోంచి పైపై నీళ్లు ఫిల్టర్‌కి లాగే రకం, కాబట్టి ఇది తేలిక. కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో ఎక్కువగా ఓవర్‌ఫ్లో పూల్స్ కడుతున్నారు. నీళ్లు అంచు పొర్లి జాలీ కింద కాలువలో పడి బ్యాలెన్సింగ్ ట్యాంక్‌లోకి పోతాయి. అలాంటి చోట మోటారు ఆపి, మట్టం కుదురుకున్నాక పూల్‌ని విడిగా, బ్యాలెన్సింగ్ ట్యాంక్‌ని విడిగా కొలవాలి. పూల్‌కి చేసినంత శ్రద్ధగా ఆ ట్యాంక్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయరు. దాని మూత తీసి లోపలికి తొంగిచూసిన కమిటీ సభ్యుడు నాకు ఇంతవరకు ఒక్కరే తగిలారు.

లీకేజీ ఉందని తేలాక ఎక్కడుందో నీళ్లే చెబుతాయి. కొన్నాళ్లు నీళ్లు నింపకుండా వదిలేసి, మట్టం ఎక్కడ ఆగిందో చూడాలి. స్కిమ్మర్ నోటి దగ్గర ఆగిందా, స్కిమ్మర్ ప్లాస్టిక్‌కీ కాంక్రీటుకీ మధ్య సందు విడిచినట్టు. లైట్ ఎత్తున ఆగిందా, లైట్ వెనకున్న గూడు చూడాలి. ఆ గూట్లోంచి వైరు బయటికి పోయే పైపు ఉంటుంది, దాని మూతి సరిగ్గా మూయకపోతే నీళ్లు వైరు వెంటే ప్రయాణం చేస్తాయి. నా అనుభవంలో లైట్ గూడు దగ్గర దొరికినన్ని లీకేజీలు టైల్స్ మధ్య దొరకలేదు. అయితే మెయిన్ స్విచ్ కట్టేయకుండా లైట్ మీద చెయ్యి వేయవద్దు. పూల్ లైట్లు 12 వోల్టులవే ఉండాలి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పనిచేస్తోందో లేదో టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

మట్టం ఆగిన చోట రంగు పరీక్ష చేస్తాం. మోటారు ఆపి, నీళ్లు నిశ్చలమయ్యాక, కళ్లజోడు పెట్టుకుని దిగి, సిరంజితో ఫుడ్ కలర్ కొద్దికొద్దిగా వదలాలి. లీకేజీ లేని చోట రంగు పొగలాగా మెల్లగా విచ్చుకుంటుంది. లీకేజీ ఉన్న చోట దారం లాగినట్టు సన్నగా సాగి పగుల్లోకి దూరిపోతుంది. ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. కాళ్లు ఆడిస్తే మాత్రం నీళ్లు కదిలి రంగు ఎటుపడితే అటు పోతుంది, అందుకే చాలా ఓపిక కావాలి.

పైపుల్లో అనుమానం ఉంటే రెండు వైపులా రబ్బరు బిరడాలు బిగించి నీళ్ల ప్రెషర్ పెట్టి గేజ్ చూస్తాం. ముల్లు పడిపోతే ఆ లైన్లో చిల్లు ఉన్నట్టు. నేల కింద సరిగ్గా ఎక్కడో తెలుసుకోవడానికి శబ్దం పట్టే మైకులున్నాయి, హైడ్రోజన్ కొద్దిగా కలిపిన నైట్రోజన్ వాయువు పంపి పైన పసిగట్టే పరికరాలున్నాయి. ఇవి ఉన్నవాళ్లను పిలిస్తే ఒక్క టైల్ తీసి పని ముగించవచ్చు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొండాపూర్ వైపు ఒక కమ్యూనిటీ, పేరు వద్దు. మే నెల. రోజుకు అంగుళం నీళ్లు తగ్గుతున్నాయి. ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూసి మూడు కొటేషన్లు ఇచ్చారు, మూడింటిలోనూ టైల్స్ మొత్తం తీసేయడమే. నేను వెళ్లి బకెట్ పెట్టాను, తేడా ఉంది, మోటారు నడిస్తేనే ఎక్కువ. పైపులన్నీ ప్రెషర్ టెస్ట్ చేశాను, అన్నీ నిలిచాయి. రెండో రోజు సాయంత్రం దాకా నాకూ అంతుపట్టలేదు, టెన్షన్ మొదలైంది. అక్కడి ఆపరేటర్ శ్రీకాకుళం కుర్రాడు, 20 ఏళ్లుంటాయేమో. మెల్లగా వచ్చి, "అన్నా, కాంపౌండ్ గోడ వెనకాల ఒక్కచోటే తడారట్లేదు. నేనొచ్చి మూడు నెలలైంది, అప్పట్నుంచీ అంతే" అన్నాడు. వెళ్లి చూశాను. మే ఎండకి కాలువంతా బీటలు తీసి ఉంది. బ్యాక్‌వాష్ పైపు బయటికొచ్చే చోట మాత్రం జానెడు మేర పచ్చగా నాచు. చెయ్యి పెడితే చల్లగా ఉంది. వేలు లావు ధార చప్పుడు లేకుండా వస్తోంది.

ఫిల్టర్ మీద ఉండే మల్టీపోర్ట్ వాల్వ్, అంటే నీళ్లు ఎటు పోవాలో మార్చే వాల్వ్, విప్పాను. అందులో బండి చక్రం ఆకుల్లా ఉండే రబ్బరు గాస్కెట్ ఒకటి ఉంటుంది. అది ఒకవైపు నలిగిపోయి, మడత పడి ఉంది. దాని సందులోంచి నీళ్లు బ్యాక్‌వాష్ లైన్లోకి జారి, గోడ బయటికి పోతున్నాయి. గాస్కెట్ మార్చాం. మర్నాడు బకెట్‌లోనూ బయటా ఒకే లెక్క. పూల్‌కి ఏ రోగమూ లేదు. మిగిలిన డబ్బు సంగతి అలా ఉంచండి, మూడు నెలలుగా రోజూ ఆ తడి చూస్తున్న కుర్రాణ్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఇవాళ మీరు ఇంటికి వెళ్లేటప్పుడు మీ ఆపరేటర్‌ని పలకరించి, "నువ్వేం గమనించావు తమ్ముడూ?" అని అడగండి. నేను మిమ్మల్ని కోరేది ఇదే.

ఇంకో తప్పు. లీకేజీ అనగానే పూల్ ఖాళీ చేసేస్తారు. నేలలో కట్టిన పూల్‌ని వానాకాలం చివర్లో, భూగర్భ జలం పైకొచ్చి ఉన్నప్పుడు ఖాళీ చేయడం చాలా ప్రమాదం. ఇందాక చెప్పిన పూల్‌లో సగటున 1.2 మీటర్ల లోతు ఉంటే 86 టన్నుల నీళ్లు ఉంటాయి. ఆ బరువు తీసేస్తే కింది నుంచి నీళ్లు పూల్‌ని పడవలాగా పైకి తంతాయి. నేల ఉబ్బుతుంది, పగులుతుంది, పైపులు తెగుతాయి. ఆ ఒత్తిడి తగ్గించడానికి పూల్ అడుగున నీళ్లు బయటికి పోయే మెయిన్ డ్రెయిన్‌లో వాల్వ్ పెట్టించుకోవచ్చు, కానీ పెట్టారో లేదో, పెట్టినా పనిచేస్తోందో లేదో తెలుసుకున్నాకే ఖాళీ చేయాలి. సెల్లార్ మీద, పోడియం మీద కట్టిన పూల్స్‌కి ఈ భయం లేదు. వాటికి సెల్లార్ కప్పే రిపోర్టు. కప్పుకి తెల్లటి సున్నపు ముళ్లు వేలాడుతుంటే నీళ్లు కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని దిగుతున్నాయని అర్థం. అక్కడ కూడా తొందరపడకండి. పైన పూలకుండీలు, లాన్ ఉండొచ్చు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టి, కొన్నాళ్లు మొక్కలకి నీళ్లు ఆపి మళ్లీ లెక్కపెట్టండి.

ఇప్పుడు శుభ్రం చేయడం గురించి. దీన్ని లీకేజీతో కలిపి ఎందుకు చెబుతున్నానంటే, మన పూల్స్‌లో చాలా లీకేజీలు శుభ్రం చేసే పద్ధతి వల్లే పుడుతున్నాయి.

మొహెంజొదారో మహాస్నానవాటిక గురించి మీరు చిన్నప్పుడు చదువుకునే ఉంటారు. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన కట్టడం. ఇటుకలు సందు లేకుండా పేర్చి, మధ్యలో జిప్సం పెట్టి, దాని వెనక తారు పొర వేశారు. సాంకేతికంగా మనం ఇవాళ చేసేదీ అదే. వెనక వాటర్‌ప్రూఫింగ్ పొర, ముందు టైల్స్, టైల్స్ సందుల్లో గ్రౌట్. సందు ఊడితే నీళ్లు వెనక్కి చేరతాయి, వెనక పొర మీద భారం మొదలవుతుంది.

ఆ సందుల్ని మనమే తినిపించేస్తున్నాం, యాసిడ్‌తో. బోరు నీళ్లలో గట్టిదనం ఎక్కువ కాబట్టి నీళ్ల మట్టం దగ్గర తెల్లటి చార కడుతుంది. కమిటీ వాళ్లు చూసి "ఇదేంటి, మురికిగా ఉంది" అంటారు. ఏజెన్సీ వాళ్లు టాయిలెట్లు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ తెచ్చి పోస్తారు. సాయంత్రానికి టైల్స్ తళతళ మెరుస్తాయి, అందరూ సంతోషిస్తారు. కానీ ఆ చారలో ఉన్నదీ కాల్షియమే, సిమెంట్ గ్రౌట్‌లో ఉన్నదీ కాల్షియమే. యాసిడ్ రెండింటినీ తింటుంది. ఏడాదికోసారి ఇలా కడిగితే నాలుగైదేళ్లకి సందులు గుల్లవుతాయి. గోరుతో గీరి చూడండి, ఇసుకలాగా రాలుతుంది. టైల్ మీద నాణెంతో కొట్టండి, డొల్ల శబ్దం వస్తే దాని వెనక పట్టు పోయిందని అర్థం. నీళ్లు తేటపడాలని పటిక పదే పదే వేసినా పీహెచ్ పడిపోయి, అంటే నీళ్లలో ఆమ్ల గుణం పెరిగి, నిదానంగా ఇదే జరుగుతుంది. పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉంచితే గ్రౌటూ బతుకుతుంది, ఈదేవాళ్ల కళ్లూ మండవు.

మరి చార ఎలా పోవాలి? ముందు అదేమిటో తెలియాలి. ఒక నిమ్మచెక్క రుద్దండి. బుడగలొస్తే ఇందాక చెప్పిన కాల్షియం చార. దాన్ని వారానికోసారి, పల్చగా ఉన్నప్పుడే, నైలాన్ బ్రష్‌తో రుద్దేస్తే యాసిడ్ దాకా పోనక్కర్లేదు. వేలికి జిడ్డుగా తగిలితే అది తలనూనె, సన్‌స్క్రీన్. దానికి యాసిడ్ పనికిరాదు, పూల్ టైల్స్ కోసం అమ్మే క్లీనర్ వాడాలి. పచ్చగా జారుతుంటే నాచు. నాచుని ముందు బ్రష్‌తో గీకి, అప్పుడు క్లోరిన్ వేయాలి. గీకకుండా వేస్తే పై పొర మాత్రమే చచ్చి, కింద వేళ్లూనుకున్నది మళ్లీ లేస్తుంది. నీలం ఆకుపచ్చ మచ్చలు ఉంటే నాచు చావడానికి మైలుతుత్తం ఎక్కువ వేశారేమో అడగండి. అది రాగి మచ్చ, ఎంత తోమినా పోదు. స్టీల్ పీచు మాత్రం వాడకండి, దాని ముక్కలు అడుగున పడి తుప్పు మరకలు పెడతాయి. ప్రెషర్ వాషర్ ముక్కు టైల్‌కి మరీ దగ్గరగా పెట్టినా గ్రౌట్ ఎగిరిపోతుంది.

తప్పనిసరై యాసిడ్ వాడాల్సి వస్తే ఒక్క విషయం ప్రాణం పెట్టి చెబుతున్నాను. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలవకూడదు. ఒకే బకెట్, ఒకే మగ్గు కూడా వద్దు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, ఖాళీ పూల్ అడుగునే పేరుకుంటుంది, మనిషి వంగి పనిచేసేదీ అక్కడే. నా కళ్ల ముందు ఇద్దరు క్లీనర్లు దగ్గుతూ కూలబడ్డారు. యాసిడ్ కడిగిన చోట ఇంకా తెల్లగా రావాలని ఒకతను బ్లీచింగ్ చల్లాడు. పైకి లాగి గాలికి కూర్చోబెట్టి, ఆస్పత్రికి పంపాం, ఇద్దరూ బతికారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద రాసింది వాళ్లకి రాని భాషలో ఉంది. బూట్లు, గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు కమిటీయే కొని ఇవ్వాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి. కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

తనిఖీలో ఇంకొకటి చూడాలి, అడుగున మెయిన్ డ్రెయిన్ మీద జాలీ. 2002లో అమెరికాలో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాపను వేడినీళ్ల తొట్టెలోని డ్రెయిన్ లాగి పట్టేసింది. తల్లి లాగినా రాలేదు. పాప దక్కలేదు. ఆ పాప పేరు మీదే 2007లో అక్కడ చట్టం చేసి, డ్రెయిన్ మూతలకి నిబంధనలు పెట్టారు. మీ పూల్‌లో జాలీ విరిగినా, మర ఊడినా ఆ రోజు పూల్ మూసేయండి. పిల్లలు అలిగితే అలగనివ్వండి.

(సభలోంచి ఒక మహిళ: మరి ఏజెన్సీని పిలిచేటప్పుడు మేం ఏం అడగాలండీ?)

మంచి మాట అడిగారమ్మా. నా అభిప్రాయం చెబుతాను. లీకేజీ కనిపెట్టే పనికి విడిగా డబ్బులివ్వండి, బాగుచేసే పనికి విడిగా. "చూడటం ఉచితం" అన్నవాళ్లకి ఆదాయం పగలగొట్టడంలోనే ఉంటుంది కదా. ఏ పరీక్ష చేశారు, గేజ్ ఎంత నుంచి ఎంతకి పడింది, ఏ టైల్ దగ్గర రంగు లోపలికి పోయింది, ఫోటోలతో సహా కాగితం మీద ఇవ్వమనండి. రిపేరు అయ్యాక మళ్లీ బకెట్ పెట్టి, రెండు గీతలూ కలిశాకే చివరి చెక్కు ఇవ్వండి. మళ్లీ గ్రౌటింగ్ చేయించేటప్పుడు సిమెంట్‌ది కాకుండా రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. ఖర్చు ఎక్కువే, కానీ యాసిడ్‌కి సిమెంట్ గ్రౌట్ కంటే చాలా బాగా ఆగుతుంది.

6 కావస్తోంది. చీకటి పడేలోపు వెళ్దాం, ఎవరైనా ఫోన్ టార్చ్ వేయండి. మెట్ల దగ్గర తడిగా ఉంటుంది, పెద్దవాళ్లు జాగ్రత్త. సెక్రటరీ గారూ, ఇదిగో స్కేలు, మీరే పట్టుకోండి. ముందు బకెట్ లోపలి గీత కొలిచి అందరికీ వినబడేలా చదవండి, తర్వాత బయటిది. తమ్ముడూ, నువ్వు రాసుకో.